హెరెస్ పీపాల దగ్గర 5 నెలలు: నా అనుభవం

మా నాయన అనంతపురం జిల్లాలో శనక్కాయ రైతు. నేను బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివి, ద్రాక్ష సాగు, వైన్ తయారీ మీద మాస్టర్స్ చేయడానికి స్పెయిన్ వెళ్ళాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "ఫుడ్ టెక్నాలజీలోనే ఇంకో పెద్ద చదువు" అని చెబుతుంది. సారా వల్ల ఎన్ని ఇళ్ళు పాడయ్యాయో కళ్ళారా చూసిన మనిషి, ఆమెను తప్పు పట్టలేను.

కోర్సులో భాగంగా ఏదైనా ఒక బొడేగాలో 5 నెలలు పని చేయాలి. బొడేగా అంటే వైన్ తయారుచేసి, నిల్వ ఉంచే చోటు. నా తోటి విద్యార్థులు ఎక్కువమంది ఉత్తర స్పెయిన్‌లో పేరున్న వైన్ ప్రాంతం రియోహా వైపు వెళ్ళారు. నేను షెర్రీ అనే వైన్‌కు పుట్టినిల్లయిన హెరెస్ అడిగాను. ఒక రోజు క్లాసులో చూపించిన ఒక అంకె అందుకు కారణం. స్పెయిన్ దక్షిణ కొసన, కాడిజ్ పక్కన ఉన్న ఆ ప్రాంతంలో ఏటా పడే వాన దాదాపు 600 మిల్లీమీటర్లు. వేసవి మొత్తం చినుకు ఉండదు. అయినా తోటలకు నీళ్ళు పెట్టకుండా వందల ఏళ్ళుగా ద్రాక్ష పండిస్తున్నారు. మా జిల్లాలో పడేది 550 దాకా. బోర్లు ఎండిపోయి చీనీ తోటలు నిలువునా మాడిపోవడం చూస్తూ పెరిగిన నాకు, ఆ నేల కాళ్ళతో తొక్కి చూడాలనిపించింది.

జూలై చివర్లో చేరాను. తోట ఊరి బయట, మచర్నూదో అనే గుట్ట మీద. దూరం నుంచి చూస్తే ఎవరో గుట్ట మొత్తానికి ముగ్గుపిండి చల్లినట్టు ఉంటుంది. ఆ తెల్ల నేలను అక్కడ అల్బరీసా అంటారు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల గుల్లలతో ఏర్పడిన సుద్దమట్టి. గడ్డ పట్టుకుంటే చాక్‌పీసులా చేతికి అంటుకుంటుంది, చాలా తేలిక. ఎండకు పైన పెంకులా గట్టిపడుతుంది, ఆ పెంకు కింద తడి అలాగే ఉండిపోతుంది. ఆగస్టులో నేను పారతో ఒక మూర లోతు తవ్వి చూశాను. మట్టి చల్లగా, పిడికిట్లో ముద్ద కట్టేంత తడిగా ఉంది. తీగల వేర్లు ఆ తడిని వెతుక్కుంటూ మీటర్ల లోతుకు పోతాయట. ఆ మట్టి ముద్దను ఫోటో తీసి నాయనకు పంపించాను. ఆయన వెంటనే ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఏ నెలలో తవ్వినావు పాపా?"

ఆగస్టు మూడో వారంలో కోత మొదలైంది. ఈ మధ్య ఎండలు పెరిగి కోత ముందుకు జరుగుతోందని, చాలా తోటల్లో మెషిన్లు వచ్చాయని చెప్పారు. మేము మాత్రం చేత్తోనే కోశాం. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపేయాలి. ద్రాక్ష పేరు పాలోమీనో. పొడుగాటి గుత్తులు, పలుచని తొక్క, మాగాక లేత పసుపు. తింటే తియ్యగా ఉంటుంది, అంతే, మన నోట్లో గుర్తుండిపోయే రుచి ఏమీ లేదు. నాకు కొంచెం నిరాశ కలిగింది. తర్వాత అర్థమైంది, ఈ వైన్‌కు రుచి సగం పైగా బొడేగాలోనే వస్తుంది. పండు తన గొంతు తగ్గించుకుని ఉంటేనే ఆ రుచి వినిపిస్తుంది.

తీగలను కత్తిరించే పద్ధతి నాకు చాలా నచ్చింది. దాన్ని "కర్ర, బొటనవేలు" అని పిలుస్తారు. ప్రతి మొక్కకూ రెండు చేతులు. ఒక చేతికి ఎనిమిది కళ్ళున్న, అంటే చిగురు వేసే మొగ్గలున్న పొడవాటి కర్ర వదులుతారు, ఈ ఏడు కాపు దాని మీదే. రెండో చేతికి ఒకటి రెండు కళ్ళతో బొటనవేలంత మోడు వదులుతారు. అక్కడ వచ్చే కొమ్మ వచ్చే ఏడు కర్ర అవుతుంది, ఇప్పటి కర్ర వైపు బొటనవేలు అవుతుంది. ఒక చెయ్యి పనిచేస్తుంటే ఇంకో చెయ్యి విశ్రాంతి తీసుకుంటుంది. ముసలి మొక్కల మొదళ్ళ దగ్గర నిలబడి చూస్తే, ఏ ఏడు ఎటువైపు కాసిందో ముడులు లెక్కపెట్టవచ్చు.

కోత అయ్యాక నాకు తోటలో మిగిలిన పెద్ద పని అసెర్పియా. వరసల మధ్య భూమిని దీర్ఘచతురస్రాకారపు గుంతలుగా, గట్లు పోసి మలుస్తారు. శరదృతువులో, చలికాలంలో పడే ప్రతి చినుకూ వాలు వెంట జారిపోకుండా ఆ గుంతల్లోనే నిలిచి ఇంకిపోవాలి. వసంతంలో మళ్ళీ నేల చదును చేసేస్తారు. ఇది చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. మా పంచాయతీలో ఉపాధి పనుల కింద తవ్విన ఇంకుడు గుంతలు, కందకాలు గుర్తొచ్చాయి. ఇక్కడ వీళ్ళు కందకాన్ని సాగులో భాగం చేసుకున్నారు, అదే పొలంలో, ప్రతి ఏడూ. మనకూ వానలు తక్కువే, మనకూ వాలు నేలలే. దీని గురించి నాయనతో మాట్లాడినంత సేపు నేను వైన్ గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక బొడేగా. ఊరి మధ్యలో సున్నం వేసిన ఎత్తైన గోడలు, లోపల దేవాలయ మండపంలా వరసగా స్తంభాలు, తలెత్తి చూసేంత పైన కప్పు. కిటికీలు కూడా బాగా ఎత్తులో ఉంటాయి, వాటికి గడ్డితో అల్లిన తెరలు. పడమటి నుంచి సముద్రపు తేమ మోసుకొచ్చే గాలిని పోనియెంతే అంటారు, దాన్ని లోపలికి రానివ్వాలి. తూర్పు నుంచి వచ్చే పొడి వేడి గాలి లెవాంతే, అది వీచే రోజుల్లో తెరలు దించేయాలి. నేల గచ్చు కాదు, పసుపు ఇసుక మట్టి. వేసవిలో దాని మీద నీళ్ళు చల్లుతారు. నా మొదటి వారం డ్యూటీ అదే. ఎండాకాలం సాయంత్రం మా అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లినప్పుడు వచ్చే వాసనే అక్కడా వచ్చింది. దాని వెనక పులిసిన పిండి వాసన, ఇంకా వెనక బాదం వాసన.

అక్కడి పీపాను బోతా అంటారు. అమెరికన్ ఓక్ చెక్కతో చేసినది, 600 లీటర్లు పడుతుంది. మిగతా వైన్ ప్రాంతాల్లో గాలి తగలకూడదని పీపాలను నిండుగా ఉంచుతారు. ఇక్కడ 500 లీటర్లే పోసి పై భాగం ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీలో, వైన్ మీద, ఈస్ట్ ఒక తెల్లటి తెట్టు కడుతుంది. దాని పేరు ఫ్లోర్, అంటే పువ్వు. సందర్శకుల కోసం ఒక పీపా మూతకు అద్దం బిగించి ఉంచారు, అందులోంచి చూశాను. కాచి చల్లార్చిన పాల మీద మీగడ ముడతలు పడినట్టు ఉంది. ఆ మీగడే గాలిని ఆపుతుంది. అందుకే కింద వైన్ లేత గడ్డి రంగులోనే ఉండిపోతుంది. ఈస్ట్ బతకడానికి వైన్‌లోని ఆల్కహాల్‌ను, గ్లిసరాల్‌ను తింటుంది, బదులుగా అసెటాల్డిహైడ్‌ను వదులుతుంది. ఆ ఘాటు వాసన దానిదే. అలా తయారైన వైన్ పేరు ఫీనో. నోట్లో తీపి అన్నది ఉండదు. మొదటిసారి రుచి చూసినప్పుడు, ఉప్పు గాలి మింగినట్టు అనిపించింది. మేము రుచి చూసి ఉమ్మేస్తాం, పనిలో పద్ధతే అది. ఆ మాట అమ్మకు రెండుసార్లు చెప్పాను.

ఆ తెట్టు బతకాలా చావాలా అన్నది మనిషి చేతిలోనే ఉంది. పాలోమీనో రసం స్టీలు ట్యాంకుల్లో పులిసి, నవంబరు చివరికి తేరుకుంటుంది. సాన్ ఆంద్రెస్ పండుగ నాటికి, అంటే నవంబరు 30కి, రసం వైన్ అయిపోతుందని అక్కడ సామెత. అప్పటికి అందులో ఆల్కహాల్ 11, 12 శాతం. దానికి ద్రాక్ష నుంచే తీసిన స్పిరిట్ కలుపుతారు. నేరుగా పోస్తే వైన్ కలకబారుతుంది. కాబట్టి ముందు స్పిరిట్‌ను పాత షెర్రీతో సగానికి సగం కలిపి, తేరనిచ్చి, ఆ మిశ్రమాన్ని పోస్తారు. 15 శాతానికి తెస్తే ఫ్లోర్ హాయిగా బతుకుతుంది, ఫీనో అవుతుంది. 17 దాటిస్తే ఫ్లోర్ బతకలేదు, వైన్ గాలి తగులుతూ ముదిరి, వాల్‌నట్ రంగులో ఓలోరోసో అవుతుంది. కొన్నేళ్ళు ఫ్లోర్ కింద ఉండి, ఆ తర్వాత గాలికి వదిలినది అమోంతియాదో. ఒకే ద్రాక్ష, ఒకే గుట్ట, రెండు శాతం తేడా. ఏ ట్యాంకు ఎటు వెళ్ళాలో వాసన చూసి తేల్చేది కపతాస్, అంటే బొడేగా మేస్త్రీ.

మా కపతాస్‌కు అరవై దాటాయి. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు, "నిన్యా" అనేవారు. చిన్నపిల్లా అని అర్థం. మా నాయన "పాపా" అన్నట్టే వినిపించేది. హెరెస్ ఉన్న దక్షిణ ప్రాంతం ఆండలూసియా, అక్కడి స్పానిష్‌లో మాటల చివర స మింగేస్తారు. మొదటి నెల ఆయన చెప్పేది నాకు మూడో వంతే అర్థమైంది. చేతులు చూసి నేర్చుకున్నాను.

నేను నేర్చుకోవాలని వెళ్ళిన అసలు పని సొలేరా. పీపాలు మూడు నాలుగు వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నేల మీద ఉన్న వరసను సొలేరా అంటారు, అందులో అన్నిటికన్నా ముదిరిన వైన్. సీసాలకు వెళ్ళేది అక్కడినుంచే. దాని ముందు దశ మొదటి క్రియాదేరా, దానికి ముందు రెండోది, అలా. క్రియాదేరా అంటే పెంచే చోటు, మన నారుమడి లాంటిది. సొలేరా పీపాలను ఎప్పుడూ ఖాళీ చేయరు. ఒక్కోదాంట్లోంచి కొంచెమే తీస్తారు. మా దగ్గర ఒక విడతకు పీపాకు 60 లీటర్ల చొప్పున తీశారు. తీసినంత మేర మొదటి క్రియాదేరాతో నింపుతారు, దాన్ని రెండోదానితో, చివరి వరసలో మాత్రం కొత్త వైన్ వచ్చి చేరుతుంది.

పుస్తకంలో చదివినప్పుడు పై పీపా నుంచి కింది పీపాకు నేరుగా దిగుతుందనుకున్నాను. అలా కాదు. ఒక వరసలోని అన్ని పీపాల నుంచీ తీసినదాన్ని ఒకచోట కలిపి, తర్వాతి దశలోని ప్రతి పీపాకూ సమానంగా పంచాలి. ఒక పీపా బలహీనంగా ఉంటే మిగతావి దాన్ని లేపుతాయి. ఏళ్ళ తరబడి ఇలా చేస్తే అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా తయారవుతాయి. మొట్టమొదట పోసిన వైన్ చుక్క కూడా, ఎంత సన్నగిల్లినా, పూర్తిగా పోదు.

ఇది ఫోన్లో అమ్మకు చెబుతుంటే ఆమె మధ్యలోనే అందుకుంది. "తోడు పెట్టినట్టే కదా. నేను పెండ్లయి వచ్చినప్పుడు మీ అవ్వ తోడు పెట్టిన పెరుగే ఇంకా ఈ ఇంట్లో నడస్తాండాది." ఆ క్షణం వరకు నాకు ఆ ఆలోచన తట్టలేదు. అంతకన్నా బాగా సొలేరాను వివరించిన మాట నేను ఏ క్లాసులోనూ వినలేదు.

అక్టోబరులో నా చేతికి పని ఇచ్చారు. తీయడాన్ని సాకా అంటారు, నింపడాన్ని రొసియో అంటారు. రొసియో అంటే తెల్లవారుజామున కురిసే మంచు. మాటలోనే పద్ధతి ఉంది, మంచు కురిసినంత నెమ్మదిగా పోయాలి. చెక్కతో చేసిన పొడవాటి గరాటు ఒకటి, దానికి తగిలించిన సన్నని గొట్టం ఒకటి. గొట్టం చివర చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఆ చివర తెట్టును దాటి వైన్ లోపలికి పూర్తిగా దిగాలి, అప్పుడు పోసిన వైన్ కిందినుంచే పక్కలకు పరుచుకుంటుంది. పైన పువ్వు కదలకూడదు, అడుగున పేరుకున్న చచ్చిన ఈస్ట్ కూడా లేవకూడదు.

పద్నాలుగో పీపా దగ్గర నేను గొట్టాన్ని పూర్తిగా దించలేదు. దిగిందనుకున్నాను. జగ్గు వంచాను. చప్పుడు తేడాగా వచ్చింది, బిందెలో పై నుంచి నీళ్ళు పడ్డట్టు. రెండు పీపాల అవతల ఉన్న కపతాస్ ఆ చప్పుడుకే పరిగెత్తుకొచ్చారు. గరాటు తీసి లైటు వేసి చూస్తే, తెట్టు నడిమధ్య చిరిగిపోయి, ముక్కలు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. నాకు కాళ్ళు ఆడలేదు. నాకన్నా ఎన్నో ఏళ్ళు ముందునుంచీ నడుస్తున్న దాన్ని నా చేత్తో చెడగొట్టానా అని.

ఆయన తిట్టలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి పీపా మొహం మీద ఒక చిన్న గుర్తు గీశారు. "ఇది ఇక నీది నిన్యా. మూడు రోజులకోసారి చూసి నాకు చెప్పు" అన్నారు.

ఆ మూడు వారాలు నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. తెట్టు మళ్ళీ కట్టకపోతే వైన్‌కు గాలి తగిలి రంగు మారిపోతుంది. మూడో రోజు ఏమీ లేదు, నల్లని అద్దంలా ఉంది. ఆరో రోజు అక్కడక్కడా తెల్లని నలుసులు, ఉప్మా రవ్వ చల్లినట్టు. తొమ్మిదో రోజు అవి కలిసి చిన్న చిన్న దీవులయ్యాయి. ఫ్లోర్‌కు వసంతం, శరదృతువు బాగా కలిసొచ్చే కాలాలు. నేను తప్పు చేసింది అదృష్టవశాత్తు అక్టోబరులో. మూడో వారం చివర లైటు వేసి చూస్తే ఇంక నల్లదనం కనిపించలేదు, ఈ చివర నుంచి ఆ చివరకు పలుచని మీగడ. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. ఆయన వెనెన్సియా తెచ్చారు. పొడవాటి వంగే కడ్డీ చివర చిన్న లోటా ఉండే పరికరం అది. దాన్ని ఒక్క వేటుతో తెట్టు దాటించి, పైకి తీసి, తల ఎత్తు నుంచి సన్నని ధారగా గ్లాసులోకి వంచారు, ఒక్క చుక్క కింద పడలేదు. వాసన చూసి నా చేతికిచ్చారు. అంతే, ఏమీ అనలేదు.

నవంబరులో ఒక ఆదివారం బొడేగా వాళ్ళు నన్ను ఊరి బయట పల్లె హోటల్‌కు తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో కొత్త వైన్‌ను మోస్తో అని పిలిచి తాగుతారు, దాంతో పాటు పాత రొట్టె, టమాట, వెల్లుల్లి, పచ్చి క్యాప్సికమ్, ఆలివ్ నూనె కలిపి దంచి, వేడిగా సంగటి ముద్దలా పెడతారు, పక్కన ముల్లంగి. నేను బదులుగా ఇంకో వారం వాళ్ళందరికీ మిరపకాయ బజ్జీలు వేశాను. శనగపిండి కోసం ఊరంతా తిరగనక్కరలేదు, కాడిజ్ వైపు చిన్న రొయ్యలతో వేసే అట్లలో వాళ్ళూ శనగపిండే వాడతారు. చల్లని ఫీనో, వేడి బజ్జీ. ఆ కారానికి, నూనెకు అంత బాగా కుదిరే వైన్ ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అక్కడే కపతాస్ పాత రోజుల గురించి చెప్పారు. షెర్రీ అన్న పేరు అరబ్బులు ఆ ఊరిని పిలిచిన షెరిష్ నుంచి వచ్చింది. 1587లో ఇంగ్లండు నావికుడు డ్రేక్ కాడిజ్ మీద దాడి చేసి 2,900 పీపాలు ఎత్తుకుపోయాడు, ఇంగ్లండులో దీనికి మోజు పెరిగింది అక్కడినుంచే అంటారు. 1894లో ద్రాక్ష వేర్లను పాడుచేసే ఫిలోక్సెరా పురుగు వచ్చి తోటలన్నీ పోయాయి, అమెరికన్ వేరు మొక్కల మీద అంటుకట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఇవన్నీ నవ్వుతూనే చెప్పారు. తన కాలం దగ్గరకు వచ్చేసరికి గొంతు మారింది. 1970ల చివర్లో 20,000 హెక్టార్లు దాటిన తోటలు ఇప్పుడు 7,000 చుట్టుపక్కలకు వచ్చాయి. చవక తీపి షెర్రీ విపరీతంగా అమ్మి, పేరు పోగొట్టుకున్నారు. ఊళ్ళో ఎన్నో బొడేగాలు మూతపడ్డాయి. ఇప్పుడు విస్కీ కంపెనీలు షెర్రీ నింపి తీసిన పీపాల కోసం వరస కడుతున్నాయి, కానీ అందులో పోసిన వైన్‌ను అడిగేవాళ్ళు తక్కువ. ఇంత ఓపికగా పెంచినదాన్ని ఇంత తక్కువ ధరకు అమ్ముకోవడం నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది. శనక్కాయ మార్కెట్ యార్డు నుంచి నాయన ఇంటికి వచ్చిన రోజుల్లో ఆయన మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు.

క్రిస్మస్‌కు వారం ముందు నా చివరి రొసియో. అదే వరస. పద్నాలుగో పీపా మీద సుద్ద గుర్తు ఇంకా ఉంది. గొట్టాన్ని నెమ్మదిగా దించాను. తెట్టు దాటినప్పుడు చేతికి ఒక చిన్న మెత్తదనం తగిలింది. ఇంకా కిందికి, ఇంకొంచెం. జగ్గు వంచి, చెవి పీపాకు ఆనించాను. చప్పుడు లేదు.

కపతాస్ ఆ రోజు నా పక్కన నిలబడలేదు. అవతలి వరసలో, నాకు వీపు చేసి, తెరలు దించుకుంటున్నారు.